‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అంటే ఏ స్టేషన్? బెంగళూరు ఇంగ్లిష్ కథ

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లను ఎక్కడుంటున్నారని అడగండి. ‘మారతహళ్లిలో, పీజీలో’ అంటారు. పీజీ అంటే పేయింగ్ గెస్ట్. డబ్బిచ్చి ఒకరింట్లో ఉండే మనిషి అన్నమాట. ఆ లెక్కన మనిషే పీజీ, మనిషి పీజీలో ఉండడు. కానీ ఇప్పుడు పీజీ అంటే నాలుగంతస్తుల బిల్డింగు, గదికి మూడు మంచాలు, రాత్రి పదిన్నరకు గేటు మూస్తామని గోడ మీద నోటీసు. ‘మా పీజీలో నీళ్లు రావట్లేదు’ అంటే ఇక్కడ తెలుగు, కన్నడ, తమిళ, హిందీ వాళ్లెవరూ ఏమిటని తిరిగి అడగరు. లండన్ మనిషి మాత్రం, అతిథిలో నీళ్లు రావడమేమిటని కంగారు పడతాడు.

ఈ ఊళ్లో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి. హోటల్ పడుకునే చోటు కాదు, తినే చోటు. మిలిటరీ హోటల్లో సైనికులుండరు, మటన్ ఉంటుంది. సైట్ అంటే ఇల్లు కట్టుకునే స్థలం. ‘అన్నా, ఒక మీల్స్’ అని అడిగే మనకు మీల్స్ బహువచనమన్న గుర్తే ఉండదు. ఆంధ్రా మెస్‌లో నిలబడి ‘ఒక మీల్’ అని అడిగితే సర్వర్ వింతగా చూస్తాడు.

బహువచనాన్ని ఏకవచనం చేసుకోవడం మన గొప్పేం కాదు. ఇంగ్లిష్‌వాళ్లు దానికి తలకిందులుగా ఏకవచనాన్నే బహువచనమనుకుని చీల్చారు. బఠానీని వాళ్లు ఒకప్పుడు ‘పీజ్’ అనేవారు, అది ఒక్క గింజకే పేరు. చివర్లో ‘జ్’ వినబడుతోంది కాబట్టి ఇది చాలా గింజలకు చెప్పే మాట అయి ఉంటుందని తర్వాతివాళ్లు పొరబడి, ఒక్కదానికి ‘పీ’ అని కొత్త పదం తయారు చేశారు. ‘చెర్రీ’ కూడా అంతే. ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిన ‘చెరీజ్’ లాంటి మాట తోక కోస్తే వచ్చింది. ఈ పొరపాట్లే ఇవాళ నిఘంటువులో దర్జాగా కూర్చున్న మంచి ఇంగ్లిష్.

అందుకే ‘మనవాళ్ల ఇంగ్లిష్ అంతా తప్పుల తడక’ అన్న మాట విన్నప్పుడల్లా, ఏ రకం తప్పు అని అడగాలనిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతులు చాలా కలిసిపోయి ఉన్నాయి.

‘అవుట్ ఆఫ్ స్టేషన్’నే తీసుకోండి. ఊళ్లో లేను అనడానికి మన దేశంలో ఇది మామూలు మాట. అమెరికా క్లయింటుకు ఇలా మెయిల్ పెడితే, ఏ రైల్వే స్టేషన్ బయట ఉన్నాడో అనుకుంటాడు. ఈ స్టేషన్ రైళ్లది కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలోనూ ఆ తర్వాతా ఆంగ్లేయ అధికారులు, సైన్యం మకాం ఉన్న ఊరిని స్టేషన్ అనేవారు. హిల్ స్టేషన్‌లో ఉన్న స్టేషన్ అదే. అధికారి పని మీదో వేట మీదో ఊరు దాటితే ‘అవుట్ ఆఫ్ స్టేషన్’. బెంగళూరుకైతే ఆ పేరు కాగితాల మీద కూడా ఉండేది. ఇక్కడ 1809లో కంటోన్మెంటు వెలిసింది. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగి అప్పగించినప్పుడు కూడా ఆంగ్లేయులు ఈ భాగాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. దాని పేరు ‘సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్’. పాత ఊరైన పేట వైపు ఒక పాలన, స్టేషన్ వైపు ఇంకో పాలన. 1949లో గానీ రెండూ ఒకే కార్పొరేషన్ కిందికి రాలేదు. అంటే ఒకప్పుడు ఎం.జి. రోడ్డు నుంచి చిక్‌పేటకు వచ్చిన మనిషి కూడా అక్షరాలా అవుట్ ఆఫ్ స్టేషనే. ఆ స్టేషన్ పోయి డెబ్బై ఏళ్లు దాటినా, లీవు అప్లికేషన్‌లో మాట మాత్రం మిగిలింది.

‘డూ ద నీడ్‌ఫుల్’ది కూడా ఇదే వరస. దీన్ని చూసి నవ్వే మీమ్స్ లెక్కలేనన్ని. నిజానికి ఇది మనం పుట్టించింది కాదు. ఒకప్పటి బ్రిటిష్ గుమాస్తాలు ఉత్తరాల చివర రాసుకున్న మర్యాద మాట. వాళ్లు వదిలేశారు, మన తాలూకాఫీసులు, బ్యాంకులు, తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలు పట్టుకున్నాయి. ‘2019 పాస్ అవుట్’ అని రెజ్యూమెలో రాస్తే, స్పృహ తప్పిన ఏడాది రాసుకోవడమేమిటని విదేశాల్లో వింతగా చూస్తారు. అదీ బ్రిటిష్ సైనిక శిక్షణ నుంచి వచ్చిందే. శిక్షణ ముగించుకుని బయటికొచ్చే రోజు చేసే కవాతును వాళ్లు ఇప్పటికీ పాసింగ్ అవుట్ పరేడ్ అనే అంటారు.

పుట్టింటికి దూరంగా వెళ్లిన భాష పాత మాటల్ని ఎక్కువకాలం దాచుకోవడం చాలాచోట్ల కనిపించేదే. అమెరికన్లు వాడే ‘గాటెన్’, ఆకు రాలే కాలానికి వాళ్లు చెప్పే ‘ఫాల్’ ఒకప్పుడు ఇంగ్లండ్ మాటలే. ఇంగ్లండ్ వాటిని మరిచిపోయి, ఇప్పుడు అమెరికా యాస అంటోంది. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న హోసూరు వైపు వెళ్లి, తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ల మాట వినండి. మనం ఎప్పుడో వదిలేసిన తెలుగు ఇంకా వినిపిస్తుంది. దాన్ని తప్పు తెలుగు అనే ధైర్యం ఎవరికుంది?

వీటికన్నా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి వేరే ఉన్నాయి. పైకి ఇంగ్లిష్ మాటలే, లోపల తెలుగు వ్యాకరణం.

ఇంటర్వ్యూలో ‘ప్రస్తుతం ఏం పని చేస్తున్నారు?’ అని అడుగుతారు. మనవాడు మొదలుపెడతాడు: ‘డైలీ ఐ విల్ చెక్ ద మెయిల్స్, ఐ విల్ రన్ ద టెస్ట్స్, ఈవెనింగ్ ఐ విల్ సెండ్ ద రిపోర్ట్.’ అవతల ఉన్నది ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగిన మనిషైతే, ఇతనింకా పని మొదలుపెట్టలేదేమో, రేపటి నుంచి చేస్తానని మాటిస్తున్నాడేమో అనుకోవచ్చు. మనవాడు చెప్పింది మాత్రం నాలుగేళ్లుగా చేస్తున్న పని గురించి.

మూలం మన ‘చేస్తాను’లో ఉంది. ‘రేపు చేస్తాను’ అంటే రాబోయే పని. ‘రోజూ చేస్తాను’ అంటే అలవాటు. రెంటికీ రూపం ఒక్కటే. అలవాటుగానో స్వభావంగానో జరిగేదాన్ని మన వ్యాకరణాలు తద్ధర్మం అని వేరుగా గుర్తించాయి గానీ, నోట్లో మాత్రం రెంటికీ ఒకే మాట. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీసి ‘ఐ విల్ డూ’ ఒకచోట, ‘ఐ డూ’ ఇంకోచోట పెట్టింది. ‘చేస్తాను అంటే విల్ డూ’ అని బళ్లో ఒక్క అర్థమే నేర్పేసరికి, అలవాటు చెప్పాల్సిన చోటా అదే దూరుతుంది. కన్నడలో ‘మాడుత్తేనె’ కూడా రెండు పనులూ చేస్తుంది. అందుకే బెంగళూరు ఆఫీసులో తెలుగువాడు ‘డైలీ ఐ విల్ కమ్ బై బస్’ అంటే పక్క సీటు కన్నడిగుడికి ఏ అనుమానమూ రాదు. తప్పు చేసినవాడికీ విన్నవాడికీ తప్పు కనబడకపోతే అది నెమ్మదిగా ఆ ఊరి పద్ధతైపోతుంది. తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్‌లోనూ ‘విల్’కు అలవాటు చెప్పే పని కొంచెం ఉంది. ‘బాయిస్ విల్ బీ బాయిస్’ అనే సామెతలో ఉన్నది రేపటి సంగతి కాదు. మనం ఆ సందును వెడల్పు చేశాం, అంతే.

‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ కూడా ఇలాంటిదే. ‘ఇక్కడే ఉన్నాను’ అనడంలో ఆ ‘ఏ’ ఎంత చిన్నదో అంత బలమైనది. ఇంగ్లిష్‌వాళ్లు ఈ పనిని గొంతుతో చేస్తారు, ‘హియర్’ అన్న మాటను ఒత్తి పలుకుతారు. మనకు ఒత్తి పలకడం చాలదు, చివర ఏదో ఒకటి తగిలించాలి. ఏం తగిలించాలా అని వెతికితే ‘ఓన్లీ’ దొరికింది. కాలానికైతే ‘ఇట్‌సెల్ఫ్’ దొరికింది: ‘టుడే ఇట్‌సెల్ఫ్ ఐ విల్ సెండ్’. ఈరోజే పంపిస్తాను. కన్నడానికీ తమిళానికీ హిందీకీ ఇలాంటి తోక ఉంది కాబట్టి, దేశంలో ఏ మూలకెళ్లినా ఈ ‘ఓన్లీ’ చెల్లుతుంది.

‘కదా’ సంగతి మరీ సులువు. ‘వచ్చావు కదా’, ‘తిన్నారు కదా’, ‘వాళ్లు రారు కదా’. ఎవరైనా, ఎప్పుడైనా ఒక్క ‘కదా’ చాలు. ఇంగ్లిష్‌లో దానికి డిడింట్ యూ, హావింట్ దే, విల్ దే అని ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టాలి. మనవాళ్లు విసిగిపోయి అన్నిటికీ ‘ఇజింట్ ఇట్’ అనేశారు. టీచర్లు చెవి మెలేశారు. తీరా చూస్తే లండన్ కుర్రాళ్లే ఇప్పుడు దాన్ని ‘ఇన్నిట్’గా కుదించి, మనలాగే ఎక్కడ పడితే అక్కడ వాడుతున్నారు. భాషలో అనవసరపు బరువును జనం రెండు దేశాల్లో ఒకే తీరున దించుకున్నారు.

చుట్టరికాల దగ్గర మాత్రం ఇంగ్లిష్ మనకు బొత్తిగా చాలదు. పెద్దనాన్న కొడుకు మనకు అన్నయ్యే, మేనత్త కొడుకు బావ. ఇద్దర్నీ ‘కజిన్’ అనే ఒకే గాటన కట్టేయడానికి మనసొప్పదు. అందుకే కజిన్ బ్రదర్, కజిన్ సిస్టర్. తోడల్లుడు కో-బ్రదర్, తోడికోడలు కో-సిస్టర్. ఇంగ్లండులో వీటికి మాటల్లేవు, ఎందుకంటే ఆ చుట్టరికాలతో వాళ్లకు అంత పనిలేదు. ఇవి తప్పులని నేనైతే ఒప్పుకోను. కావలసిన సామాను బజార్లో లేనప్పుడు ఇంట్లో చేసుకున్నవి.

గౌరవం విషయంలో కథ ఇంకాస్త చిక్కు. ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు నువ్వు, మీరు తేడా ఉండేది. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. మర్యాద కోసం ఒక్క మనిషిని కూడా ‘యూ’ అనడం మొదలై, పెరిగి పెరిగి, 17వ శతాబ్దం నాటికి ‘దౌ’ దాదాపు మూలన పడింది. క్వేకర్లనే మతశాఖవాళ్లకు ఇది నచ్చలేదు. దేవుడి ముందు అందరూ సమానమైనప్పుడు ఒక్క మనిషిని బహువచనంలో పిలవడమేమిటని, న్యాయాధికారుల్ని సైతం ‘దౌ’ అన్నారు, తిట్లూ తిన్నారు. వాళ్ల నాయకుడు జార్జ్ ఫాక్స్, మరో ఇద్దరితో కలిసి 1660లో ఏకవచన బహువచనాల తేడా మీద అనేక భాషల ఉదాహరణలతో ఏకంగా ఒక పుస్తకం వేశాడు. అయినా గెలిచింది ‘యూ’నే. అంటే ఇవాళ ఇంగ్లిష్‌వాళ్లు ఇంట్లో పిల్లినీ ‘మీరు’ అనే పిలుస్తున్నారు, వాళ్లకు తెలియదంతే.

అందరూ మీరైపోతే మర్యాదకు గుర్తేది? అందుకే మనం ‘సర్’ తెచ్చుకున్నాం. ‘అండి’ చెప్పాల్సిన ప్రతిచోటా సర్, ‘గారు’ పెట్టాల్సిన చోట పేరు వెనకే సర్. గుంటూరు నుంచి వచ్చిన కొత్త ఇంజినీరును మొదటి రోజే, మేనేజర్‌ను పేరు పెట్టి పిలవమంటుంది ఆఫీసు. నలభై ఐదేళ్లాయన్ని ఒట్టి పేరుతో పిలవాలంటే నోరు రాదు. చాలామంది కొన్నాళ్లు అసలు పేరే ఎత్తకుండా, ‘హాయ్, ఒక చిన్న డౌట్’ అని నెట్టుకొస్తారు. వ్యాకరణం పుస్తకాలేవీ ఈ టెన్షన్‌ను లెక్కలోకి తీసుకోవు.

ఇంతకీ ఏది సరైన ఇంగ్లిష్ అని తేల్చేదెవరు? ఫ్రెంచివాళ్లకు 1635 నుంచీ ఒక అకాడమీ ఉంది. ఇంగ్లిష్‌కు అలాంటిది లేదు. 1712లో జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత అలాంటిదొకటి కావాలని, భాషను ఇక మారకుండా నిలబెట్టాలని ప్రతిపాదన రాశాడు. గుంపుకు వాడే ‘మాబ్’ అన్న పొట్టి మాటంటే ఆయనకు ఒళ్లు మంట. ఆయనా పోయాడు, ప్రతిపాదనా పోయింది, మాబ్ మాత్రం ఉంది. 1755లో పెద్ద నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ కూడా మొదట భాషను కట్టిపెట్టాలనే అనుకున్నాడు. పని ముగిశాక ముందుమాటలో, అక్షరాలకు సంకెళ్లు వేయడం గాలిని కొరడాతో కొట్టడం లాంటిదని ఒప్పుకున్నాడు.

బళ్లో మనం వణుకుతూ నేర్చుకున్న నియమాల్లో కొన్ని మరీ ఒక్కొక్కరి ఇష్టాయిష్టాల నుంచి వచ్చినవి. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదన్న పట్టింపు 1672లో డ్రైడన్ అనే కవి, తనకన్నా ముందుతరం నాటకకర్తలో తప్పులు వెతుకుతూ లేవనెత్తింది. ‘ఇల్లు కడుతున్నారు’ అనడానికి ఇప్పుడు మనం రాసే ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ 18వ శతాబ్దం చివర్లో వచ్చిన కొత్త వాడుక. అంతకుముందు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. కొత్త రూపాన్ని అనాగరికమని 19వ శతాబ్దపు పండితులు తిట్టిపోశారు. ఇవాళ పాత రూపం రాస్తే మార్కులు పోతాయి. ‘లవ్’ లాంటి క్రియకు ‘ఇంగ్’ తగిలించకూడదని మనకు నేర్పారు. 2003లో మెక్‌డొనాల్డ్స్ ‘ఐయామ్ లవిన్ ఇట్’ అని ప్రపంచమంతా బోర్డులు పెట్టింది. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న మనవాడికి మాత్రం ఇంకా మార్కులు కోస్తున్నారు.

తెలుగువాళ్లం ఈ గొడవ కొత్తగా చూడటం లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అది చెప్పిన గ్రాంథికమే తెలుగు, మిగతాదంతా గ్రామ్యమని పండితులు పట్టుబట్టారు. గిడుగు రామమూర్తి ఎదురు తిరిగి, చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే శిష్ట వ్యావహారికమే రాతకూ ప్రమాణం కావాలన్నారు. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు ఆ పోరాటం గెలిచింది కాబట్టి ఉంది. ఇవాళ్టి ఇంగ్లిష్ నిఘంటువులు చేసే పని కూడా దాదాపు గిడుగు వాదమే: పెద్దలు ఏమనాలన్నారో కాదు, జనం ఏమంటున్నారో రాసుకోవడం. ‘లిటరలీ’ని ‘అక్షరాలా’ అన్న అర్థంలో కాకుండా ఊరికే అతిశయోక్తికి వాడటాన్ని నిఘంటువులు చేర్చుకున్నాయని 2013లో పత్రికల్లో పెద్ద గోలైంది. ఆ వాడుకేమో 18వ శతాబ్దం నుంచీ ఉంది.

‘ప్రీపోన్’ కథ చూస్తే ఎవరి మాట నిలబడుతుందో ముందే చెప్పలేమని తెలుస్తుంది. పోస్ట్‌పోన్‌కు ఎదురు మాటగా మనవాళ్లు కల్పించారని అందరూ అనుకుంటారు. 1913లోనే ఒక పాఠకుడు, లాయర్లకు పనికొస్తుందంటూ ఇదే పదాన్ని ప్రతిపాదిస్తూ న్యూయార్క్ టైమ్స్‌కు లేఖ రాశాడు. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ పరీక్షలు, పెళ్లిచూపులు, మీటింగులు ముందుకు జరిగే దేశంలో అది బతికింది, చివరికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకూ ఎక్కింది.

మాటలు ఇటు నుంచి అటు కూడా వెళ్లాయి. మన పందికొక్కు ఇంగ్లిష్‌లో ‘బ్యాండికూట్’ అయింది. అది చాలదన్నట్టు, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక ఆస్ట్రేలియా జంతువుకు ఆ పేరు పెట్టారు. బెంగళూరు ఊరి పేరే 2000ల తొలి దశకంలో అమెరికాలో క్రియ అయింది. పని ఇండియాకు తరలిపోయి ఉద్యోగం ఊడితే ‘బ్యాంగలోర్డ్’ అయ్యాననేవారు. 2014 నవంబరు 1న ‘బ్యాంగలోర్’ అన్న ఊరి పేరు అధికారికంగా బెంగళూరు అయింది. ఆ క్రియ కూడా ఈమధ్య పెద్దగా వినబడటం లేదు.

అలాగని అన్నీ ఒకటేనని, ఏది రాసినా చెల్లుతుందని నేననడం లేదు. నా కొలబద్ద ఒక్కటే: అవతలివాడికి వేరే అర్థం వెళ్తోందా? ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’తో ఎవరికీ నష్టం లేదు, మహా అయితే నవ్వుతారు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్ ఆన్ యువర్ డిజైన్’ అలా కాదు. మన సందేహంలో ప్రశ్న కూడా ఉంది. వాళ్ల డౌట్‌లో అపనమ్మకమే ఎక్కువ. చిన్న ప్రశ్న అడిగామని మనమనుకుంటే, నా పని మీద వీడికి నమ్మకం లేదని అతను నొచ్చుకుంటాడు. పైన చెప్పిన ‘డైలీ ఐ విల్’ కూడా ఇంటర్వ్యూ వరకు మార్చుకోవాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌వాళ్లు మరీ జాగ్రత్త పడాల్సింది ‘రివర్ట్’తో. జవాబివ్వండి అనడానికి ‘కైండ్లీ రివర్ట్’ అని రాయడం మనకు అలవాటు, సింగపూర్‌లోనూ ఉంది. కానీ కోడ్ దాచే గిట్‌లో రివర్ట్ అంటే, చేసిన మార్పును వెనక్కి తీసేయమనే ఆదేశం. ‘ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్’ అని శుక్రవారం సాయంత్రం బెంగళూరు నుంచి మెయిల్ వెళ్తే, అటుపక్క ఉన్న మనిషి జవాబు రాయాలా, వారం రోజుల పని తీసేయాలా? అలాంటి మెయిల్లో ‘రిప్లై’ అని రాయడమే క్షేమం.